పాత మందు, కొత్త జబ్బు

మందుల డబ్బా లేని ఇల్లు ఈ రోజులలో అరుదు. మన తాతమ్మల కాలంలో శొంఠి, వాము, పిప్పళ్లు, కరక్కాయ ఉండిన గూటిలో ఇప్పుడు సగం వాడి మిగిల్చిన మాత్రల షీట్లు ఉంటున్నవి. ఏది దేనికొరకు కొన్నామో కొన్నవారికే జ్ఞాపకముండదు. జ్వరము, దగ్గు వచ్చిననాడు ఆ డబ్బా మూత తెరుచుకొంటుంది. పోయినసారి దేనితో తగ్గినదో దానినే మళ్లీ మ్రింగుతాము. ఈ అలవాటు ఎంతవరకు క్షేమమో ఆలోచించుటకు మా ఇంటి సంగతి ఒకటి మొదట విన్నవించవలసియున్నది.

మా మేనమామగారిది దివిసీమలో అవనిగడ్డకు సమీపంలోని ఒక పల్లె. డెబ్బదియేండ్లు దాటిన రైతు. 2021 మే నెలలో, కరోనా రెండవ విజృంభణ మన కృష్ణాతీరాన్ని కలచివేస్తున్న రోజులలో, ఆయనకు జ్వరం తగిలినది. రెండవనాడే ఊరిలో వైద్యం చేసే ఒకాయన కొన్ని చిన్న చిన్న తెల్లని మాత్రలు ఇచ్చినాడు. అవి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. మరునాటికి జ్వరం దిగినది, ఒళ్లునొప్పులు పోయినవి, ఆకలి పుట్టినది. పది పన్నెండు రోజులలో ఆయన లేచి పొలం గట్టుమీదకు పోయినారు. నడుమ రక్తంలో చక్కెర నాలుగువందలు దాటి, ఆసుపత్రిలో ఇన్సులిన్ పెట్టించుకొనవలసి వచ్చినది గాని, ఆ ముచ్చట మామయ్య లెక్కలోనికి రాదు. మాత్రలు తనను బ్రతికించినవి. మిగిలిన షీటు డబ్బాలో భద్రంగా ఉన్నది. ఆయనకు తెలిసినది అంతే.

గడచిన వర్షాకాలంలో ఆయన మనుమడికి జ్వరం, దగ్గు వచ్చినవి. మామయ్య డబ్బా తెరిచినారు. కోడలు భయపడి విజయవాడకు నాకు ఫోను చేసినది. "అన్నయ్యగారూ, ఊరందరికీ రేడియోలో చెబుతారు గదా, మీ మామయ్యగారికి కూడా ఒక మాట చెప్పండి" అన్నది. చెప్పితిని. ఆయన విన్నారు. విని, "ఒరే అబ్బాయీ, నేను చచ్చి బ్రతికినవాణ్ణి. మాత్ర వేసుకొన్నాను, లేచి తిరుగుతున్నాను. ఇంతకంటె నీకేం రుజువు కావాలిరా?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానం చెప్పుట నా చేత కాలేదు. నాలుగు రోజులు పుస్తకాలు తిరగవేసి, ఇద్దరు వైద్యుల నడిగి, ఈ ప్రసంగం సిద్ధం చేసినాను. ఇది మొదట మా మామయ్యకు సమాధానం. తరువాతనే తక్కిన శ్రోతలకు.

ఒక జబ్బుకొరకు పుట్టిన మందును మరియొక జబ్బుకు వాడుట తప్పేమీ కాదు. వైద్యశాస్త్రంలో అది రాచబాట. కొత్త మందు ఒకటి కనిపెట్టి, జంతువులపై, పిదప మనుష్యులపై పరీక్షించి, అంగడికి తెచ్చుటకు పది పన్నెండేండ్లు పట్టుట సామాన్యం. పాత మందుకు ఆ కాలహరణం లేదు. ఎంత మోతాదు శరీరానికి పడుతుందో, ఎంత మోతాదు విషమో ముందే తెలిసియుంటుంది. తయారుచేసే కార్ఖానాలు ఉంటవి. వెల చౌక. మహమ్మారి తలుపు తట్టినప్పుడు వైద్యులు మొదట పాత మందుల బీరువా వెతుకుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ విషయంలో తెలుగువారు ముందుగా తలచుకొనదగిన పేరు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది. 1895లో భీమవరంలో జన్మించి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించి, 1948లో అక్కడనే కన్నుమూసినారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే పదార్థాలను తయారుచేసినది. అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. మొదట దానిని వాడినది కాన్సరు వ్యాధులకు. కొన్ని దశాబ్దాలకు అదే మందు, చాల తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి చొప్పున, కీళ్లవాతానికి ముఖ్యమైన ఔషధమైనది. ఒకే మందు, రోగం వేరు, మోతాదు వేరు, వేళ వేరు. వారానికొకసారి వేసుకొనవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదకు తెచ్చుకొన్నవారు ఉన్నారని డాక్టర్లు చెబుతారు. మన డెల్టా పల్లెలలో బోదకాలుకు ప్రభుత్వంవారు పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్రలు కూడ సుబ్బారావుగారి బృందం పుణ్యమే.

ఊపిరితిత్తుల వైరస్ జబ్బుకు పుట్టిన మందు మరియొక చోటికి వలసపోయిన కథ కూడ ఒకటి ఉన్నది. అమాంటడీన్ అనే మందును ఇన్‌ఫ్లుయెంజా నివారణకు వాడేవారు. 1968లో అమెరికాలో పార్కిన్సన్ వ్యాధితో, అంటే వణుకువాతంతో, బాధపడుతున్న ఒక స్త్రీ ఫ్లూ రాకుండ ఆ మందు వేసుకొన్నది. వేసుకొన్నన్నాళ్లు తన వణుకు, బిగువు తగ్గినవనీ, మానగానే మళ్లీ వచ్చినవనీ డాక్టరుకు చెప్పినది. బోస్టనులోని ష్వాబ్ అనే ఆ వైద్యుడు ఆమె మాటను కొట్టివేయలేదు. అట్లని ఆ ఒక్క మాటనే రుజువుగా తీసికొనలేదు. మరెందరో రోగులకు ఇచ్చి చూచి, 1969లో సంగతి ప్రకటించినాడు. ఆ మందు నేటికీ పార్కిన్సన్ వ్యాధికి వాడుకలో ఉన్నది. రోగి అనుభవం పరిశోధనకు మొదటి మెట్టు. మా మామయ్యతో నా తగవు అంతా ఆ మెట్టు మీదనే కూర్చుండిపోవద్దని.

2020లో ఏమి జరిగినదో శ్రోతలకు ఇంకను జ్ఞాపకముండే ఉంటుంది. ఆ సంవత్సరం మార్చి నెలలో మలేరియాకు, కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు ఊరూరా మారుమ్రోగినది. ఫ్రాన్సులో మార్సేయి నగరంనుండి వెలువడిన ఒక చిన్న అధ్యయనం దానికి మూలం. అందులోని రోగులు మొత్తం 36 మంది. ఎవరికి మందు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వరాదో చీట్లు వేసి నిర్ణయించలేదు. అయినను దేశాధిపతులు దానిని పొగడినారు. మన భారత వైద్య పరిశోధనా మండలి కూడ ఆ నెలలోనే ఆరోగ్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడవచ్చునని సలహా ఇచ్చినది. కీళ్లవాతంతో ఏండ్ల తరబడి దానినే నమ్ముకొన్న రోగులకు దుకాణాలలో మాత్ర దొరకని రోజులు వచ్చినవి. ఫలితం? జూన్ 5వ తేదీన ఇంగ్లండులో పెద్ద ప్రయోగం చేసినవారు లెక్కలు విప్పినారు. తరువాత అచ్చయిన తుది లెక్కలలో, మందు పుచ్చుకొన్నవారిలో 28 రోజులలో మరణించినవారు నూటికి 27, పుచ్చుకొననివారిలో 25. అనగా మేలు లేదు. మార్సేయి వ్యాసాన్ని 2024 డిసెంబరులో ఆ పత్రికే ఉపసంహరించినది. నాలుగేండ్లు దాటిన తరువాత!

ఐవర్‌మెక్టిన్ కథ మరింత విచిత్రం. జపానులో సతోషి ఒమురా అనే శాస్త్రజ్ఞుడు సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవినుండి పుట్టిన మందు అది. పరాన్నజీవుల జబ్బులకు అది దివ్యౌషధం. 2015లో ఒమురాకు, ఆయనతోపాటు కాంప్‌బెల్ అనే శాస్త్రజ్ఞునికి నోబెల్ బహుమతిని తెచ్చినది. 2020 ఏప్రిలులో ఆస్ట్రేలియా ప్రయోగశాలలో గాజు పాత్రలోని కణాలపై పోసి చూస్తే కరోనా వైరస్ రెండు రోజులలో దాదాపు అంతరించినది. వార్త ఇంతవరకే ప్రపంచం చుట్టినది. గాజు పాత్రలో పోసినంత గాఢత మనిషి రక్తంలో రావలెనంటే మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు మ్రింగవలసి ఉంటుందన్న మాట మాత్రం వెనుకబడిపోయినది. బ్రెజిలులో 1358 మంది రోగులపై జరిగిన పరీక్షా ఫలితం 2022 మార్చిలో వెలువడినది. ఆసుపత్రి పాలగుటను ఆ మందు తప్పించలేదు. అప్పటికే, 2021 సెప్టెంబరులో, మన దేశపు చికిత్సా సూచనలనుండి ఐవర్‌మెక్టిన్‌ను, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను తొలగించియున్నారు. గాజు పాత్రలో వైరస్‌ను చంపేవి చాల ఉన్నవి. సబ్బునీరు కూడ చంపుతుంది.

ఇక రుజువు మాట. మా మామయ్య మాత్ర వేసుకొన్నారు, లేచినారు, నిజమే. కాని ఆ మేలో ఆ పల్లెలోనే మాత్ర వేసుకొనకుండ లేచినవారు ఎందరు? కరోనా తగిలినవారిలో అత్యధిక సంఖ్యాకులు ఏ మందు లేకనే కోలుకొన్నారు. అట్టి జబ్బులో, లేచిన రోజున ఏ మాత్ర నోటిలో ఉన్నదో దానికి పేరు దక్కుతుంది. కషాయం త్రాగినవారు కషాయమన్నారు, ఆవిరి పట్టినవారు ఆవిరి అన్నారు. చనిపోయినవారు తాము ఏ మందు వేసుకొన్నదీ వచ్చి చెప్పరు గదా!

కనుక పోలిక కావలెను. పోలిక సరియైనది కావలెను. ఈ సంగతి డాక్టర్లకంటె ముందు వ్యవసాయ శాస్త్రజ్ఞులకు తట్టినదని మామయ్యకు చెబితే సంతోషిస్తారు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో 1920ల కాలంలో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త పనిచేసినాడు. ఒక చెక్కలో ఎరువు వేసి, ఇంకొక చెక్కలో వేయక, పంట పోల్చి చూస్తే చాలదన్నాడు. ఎరువు వేసిన చెక్క సహజంగానే సారవంతమైనదైతే? కాలువకు దగ్గరిదైతే? మనిషి ఎంచుకొంటే పక్షపాతం తప్పదు. కనుక ఏ చెక్కకు ఎరువో చీట్లు వేసి తేల్చవలెను. చెక్కలు చాల ఉండవలెను. అప్పుడు మంచి నేల, చెడ్డ నేల రెండు ప్రక్కలకు సమంగా పంచుకొనిపోతవి. మిగిలిన తేడా ఎరువుది. ఈ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి డాక్టరేటు పొందినవారు మన సి. ఆర్. రావుగారు. బాల్యంలో నూజివీడులో, నందిగామలో చదువుకొన్న ఆయన లోకప్రసిద్ధ గణాంకవేత్తయై, నూటరెండేండ్లు జీవించి, 2023లో స్వర్గస్థులైనారు.

పొలంలోని ఆ చీట్ల పద్ధతి 1940ల చివర వైద్యంలోనికి వచ్చినది. 1948లో ప్రకటితమైన స్ట్రెప్టోమైసిన్ ప్రయోగంలో క్షయ రోగులను అట్లే విభజించినారు. 1956లో మన పొరుగున మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రంవారు ఇదే పద్ధతిలో ఒక పెద్ద చిక్కు విప్పినారు. క్షయరోగిని శానిటోరియంలో పెట్టవలెనా, ఇంటివద్దనే మందులిస్తే చాలునా? ఇంటివద్ద వైద్యం ఏమాత్రం తీసిపోదని తేలినది. శానిటోరియంలో మంచం దొరకక దిగులుపడిన పేద కుటుంబాలకు అది ఎంత ఊరటయో ఆలోచించండి.

సరిగా అదే పద్ధతిలో 2020 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు రికవరీ అనే ప్రయోగం ప్రారంభించినారు. పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే దానికి నాయకులు. బ్రిటనులోని నూట డెబ్బదికి పైగా ఆసుపత్రులు చేరినవి. ఆసుపత్రిలో చేరిన రోగి అంగీకరిస్తే, కంప్యూటరు చీటీ వేసినట్లు నిర్ణయించేది: ఇతనికి మామూలు వైద్యమా, దానితోపాటు ఫలానా పాత మందా అని. పైన చెప్పిన హైడ్రాక్సీక్లోరోక్విన్ లెక్క ఈ ప్రయోగంలోనిదే. ఆ జాబితాలో ఎవరూ పెద్దగా ఆశపెట్టుకొనని చౌక మందు ఒకటి ఉన్నది. అదే డెక్సామెథసోన్, మా మామయ్య తెల్లమాత్ర.

ఈ మందు పుట్టుక కూడ ఇంకొక జబ్బుకొరకే. మన మూత్రపిండాలమీద టోపీలవలె ఉండే రెండు గ్రంథులు కార్టిసోల్ అనే రసాన్ని స్రవిస్తవి. దానికి దగ్గరి బంధువైన కార్టిసోన్‌ను 1948లో అమెరికాలో హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి ఇచ్చినప్పుడు ఆమె కొద్దిరోజులలోనే లేచి నడిచినది. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చినది. అటుపిమ్మట రసాయనశాస్త్రజ్ఞులు అంతకంటె ఎన్నో రెట్లు బలమైన డెక్సామెథసోన్‌ను 1957లో తయారుచేసినారు. ఉబ్బసం, కీళ్లవాపు, మెదడువాపు, తీవ్రమైన దద్దుర్లు, ఇట్లు వాపుతో, మంటతో కూడిన జబ్బులెన్నింటికో అది చేయూత. పల్లెటూళ్లలోని మందుల షాపులలో కూడ కొద్ది రూపాయలకు దొరుకుతుంది. దాని గుణమూ అదే, దోషమూ అదే.

2020 జూన్ 16వ తేదీన ఫలితం ప్రకటించినారు. రోజుకు ఆరు మిల్లీగ్రాముల చొప్పున పది రోజులకు మించకుండ 2104 మందికి మందు ఇచ్చినారు. 4321 మందికి ఇవ్వలేదు. తరువాత అచ్చయిన లెక్కలను కాస్త నెమ్మదిగా వినండి, మూడు ముక్కలున్నవి. వెంటిలేటరు మీద ఉన్నవారిలో, మందు లేనివారు 28 రోజులలో నూటికి 41 మంది చనిపోగా, మందు పుచ్చుకొన్నవారు 29 మంది చనిపోయినారు. ఆక్సిజన్ మాత్రం పెట్టించుకొన్నవారిలో ఆ లెక్క 26, 23. ఇక ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మందు లేనివారు 14 మంది, మందు పుచ్చుకొన్నవారు 18 మంది. ఈ చివరి తేడా కాకతాళీయమై ఉండవచ్చునని గణాంకవేత్తలు అంటారు. కాని మేలు జరిగినట్లు మాత్రం ఎక్కడా లేదు; వాలు చూస్తే కీడువైపే ఉన్నది.

నూరు మంది వెంటిలేటరు రోగులలో పన్నెండు ప్రాణాలు! అది కూడ కొద్ది రూపాయల మందుతో. అదే వేసవిలో రెమ్‌డెసివిర్ అనే ఇంజక్షను, అదికూడ వేరొక వైరస్ జబ్బులకొరకు పుట్టి ఇటు మళ్లినదే, హైదరాబాదులో తయారై వయలు ఒక్కింటికి 5400 రూపాయల వెలతో బజారుకు వచ్చినది. 2021 ఏప్రిల్, మే నెలలలో బెజవాడ వీధులలో ఆ చీటీ చేతబట్టుకొని తిరిగిన కొడుకులను, అల్లుళ్లను నేను చూచినాను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పెద్ద ప్రయోగంలో ఆ ఇంజక్షను మరణాలను చెప్పుకొనదగినంతగా తగ్గించినట్లు అప్పటికే తేలలేదు. నిజంగా ప్రాణం నిలిపే మందు ఆసుపత్రి బీరువాలోనే ఉన్నది. దానికొరకు ఎవరూ పరుగెత్తలేదు. ఎందుకంటే అది చౌక.

ఒకే మందు ఒక రోగిని బ్రతికించి ఇంకొక రోగికి ఎందుకు అక్కరకు రాదు? జబ్బు నడకలో రెండు ఘట్టాలున్నవి. మొదటి వారంలో వైరస్ వృద్ధిపొందుతుంది. శరీరంలోని రక్షక కణాలు దానితో పోరాడుతవి. జ్వరం, ఒళ్లునొప్పులు ఆ పోరాటపు చిహ్నాలే. చాలమందిలో అంతటితో కథ ముగుస్తుంది. కొందరిలో, సాధారణంగా రెండవ వారంలో, రక్షక కణాలకే ఆవేశం పట్టుకొంటుంది. వైరస్ తగ్గుముఖం పట్టినా యుద్ధం ఆగదు. ఊపిరితిత్తులు వాచి, గాలి ఉండవలసిన చోట ద్రవం చేరి, రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. స్టెరాయిడ్ చేసే పని ఒక్కటే: ఆ పోరాటాన్ని అణచుట. రెండవ ఘట్టంలో అది శాంతిమంత్రం. మొదటి ఘట్టంలో, శత్రువు కోటలోనికి వస్తున్న వేళ కావలివాళ్లను నిద్రపుచ్చుట.

మా మామయ్యకు ఇంకొక విధంగా చెప్పినాను. ప్రకాశం బ్యారేజీనుండి కాలువకు వదిలే నీరు ఒకటే. నాట్ల వేళ ఆ నీరు రాకపోతే నారు ఎండిపోతుంది. రైతు కాలువ గట్టునే పడుకొంటాడు. కోసిన పనలు చేనిమీద ఉన్నప్పుడు అదే నీరు మడిలోనికి వస్తే గింజ మొలకెత్తి, గడ్డి కుళ్లి, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. నీరు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే రైతు నవ్వుతాడు. ఏ నెలలో అని అడుగుతాడు.

మరి మాత్ర వేసుకొన్న మరునాడే జ్వరం దిగుట, ఆకలి వేయుట? అవి స్టెరాయిడ్ సహజ లక్షణాలు. పోరాటం ఆపితే పోరాటపు చిహ్నాలు ఆగుతవి. జ్వరం దిగినంత మాత్రాన వైరస్ పోయినట్లు కాదు. ఆ సుఖమే ఈ మందులోని మాయ. రోగి సంతోషిస్తాడు, మందిచ్చినవాని హస్తవాసి మంచిదని పేరు వస్తుంది.

ఆ మాయకు మన దేశం 2021లో పెద్ద వెలనే చెల్లించినది. కరోనానుండి కోలుకొన్నవారిలో ముఖం వాచి, కన్ను ఉబ్బి, ముక్కునుండి నల్లని స్రావం వచ్చే మ్యూకర్‌మైకోసిస్ వ్యాపించినది. పత్రికలు దానికి బ్లాక్ ఫంగస్ అని పేరుపెట్టినవి. ఆ బూజు మనచుట్టూ మట్టిలో, కుళ్లిన ఆకులలో ఎప్పుడూ ఉండేదే. చక్కెర వ్యాధి అదుపు తప్పినవారిని, రక్షణశక్తి సన్నగిల్లినవారిని అది పట్టుకొంటుంది. స్టెరాయిడ్ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది: చక్కెరను పెంచుతుంది, రక్షణను తగ్గిస్తుంది. మన దేశంలో 16 ఆసుపత్రులు కలిసి 287 మంది రోగులను పరిశీలించినప్పుడు, కరోనా తరువాత కొంత ఆలస్యంగా వచ్చిన ఈ బూజుకు, స్టెరాయిడ్‌ను అనుచితంగా వాడుటకు సంబంధం కనిపించినది. కన్ను పోగొట్టుకొన్నవారున్నారు, దవడ ఎముక తీయించుకొన్నవారున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ మే నెలలోనే ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చినది. మా మామయ్య చక్కెర నాలుగువందలు దాటిన వారం అదే. ఆయన ఎంత అంచుననుండి తిరిగివచ్చినారో నాకు ఇప్పుడు తెలుస్తున్నది.

మందు ఎక్కువైతే గుణం ఎక్కువగునా అనే సందేహానికి కూడ సమాధానం వచ్చినది. రికవరీవారు ఆ తరువాత ఇరువది మిల్లీగ్రాములతో ప్రారంభించి పరీక్షించినారు. ఆక్సిజన్ స్వల్పంగా మాత్రమే కావలసిన రోగులలో, మామూలు వైద్యం పొందినవారు నూటికి 12 మంది చనిపోగా, పెద్ద మోతాదు పొందినవారు 19 మంది చనిపోయినారు. ప్రయోగంలో ఆ భాగాన్ని వెంటనే ఆపివేసినారు. 2023లో ఆ లెక్క ప్రచురితమైనది.

మన తెలుగుగడ్డమీద పరీక్షకు వచ్చిన పాత పదార్థం మరియొకటి ఉన్నది; న్యాయంగా దానిని కూడ చెప్పవలెను. టు-డి.జి. అనేది చూచుటకు గ్లూకోజువలె ఉండి, కణం లోపలికి పోయి, గ్లూకోజు పని చేయక మొరాయించే పదార్థం. కాన్సరు కణాలకు ఆకలి ఎక్కువ గనుక వాటిని మోసగించవచ్చునని ఎంతోకాలం పరిశోధించినారు. వైరస్ పట్టిన కణానికి కూడ ఆకలి ఎక్కువే గదా అని రక్షణ పరిశోధనా సంస్థవారు తలచినారు. 2020లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో ప్రయోగశాల పరీక్షలు జరిగినవి. డాక్టర్ రెడ్డీస్ సంస్థ రోగులపై పరీక్షలు నడిపినది. 2021 మే 1వ తేదీన అత్యవసర అనుమతి వచ్చినది. పొడి పొట్లం వెల 990 రూపాయలు. మూడవ దశ పరీక్షలో రోగులు 220 మంది. మూడవ రోజుకు ఆక్సిజన్ అవసరం తీరినవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 42, లేనివారిలో 31. ఊహ చక్కనిది, ప్రయత్నం మెచ్చదగినది. అయితే ప్రాణం నిలుచునా లేదా అనే ప్రశ్నకు 220 మంది చాలరు. వేలమందిపై చీట్లు వేసి చూచిన డెక్సామెథసోన్ వంటి రుజువు దీనికి లేదు. మనవాళ్లు చేసినదని తూనికరాళ్లు మార్చలేము గదా.

ఆసుపత్రిలో స్థిరపడిన పాత మందులు వేరే కొన్ని ఉన్నవి. కీళ్లవాతానికి పుట్టిన టోసిలిజుమాబ్, బారిసిటినిబ్ అనేవి కూడ తీవ్రమైన కరోనాలో స్టెరాయిడ్‌తోపాటు ఇస్తే మరణాలు మరికొంత తగ్గునని అదే విధమైన ప్రయోగాలలో తేలినది. అవి ఇంటి డబ్బాలోనికి వచ్చే మందులు కావు గనుక ఇంతటితో విడిచిపెడుతున్నాను.

ఇంటిలో చేయవలసిన మాట. జ్వరం, దగ్గు మొదలైన తొలి రోజులలో, ఊపిరి సులువుగా ఆడుతున్నంతకాలం, కరోనాకు స్టెరాయిడ్ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సెప్టెంబరులోనే ఈ రెండు మాటలూ చెప్పినది: తీవ్రమైన రోగికి ఇవ్వండి, తేలికపాటి రోగికి ఇవ్వకండి అని. మామూలు ఫ్లూ జ్వరంలో కూడ అది మేలు చేయునని రుజువు లేదు. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇంటిలో ఉంటే, అంకె 94 కంటె దిగజారితే, లేదా నాలుగడుగులు వేయగానే ఆయాసం వస్తే, డబ్బా తెరువక ఆసుపత్రికి పోవలెను. అక్కడ డాక్టరు అదే తెల్లమాత్రను ఇస్తే భయపడి మానవద్దు. ఆ వేళకు అదే మందు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవారు ఈ ప్రసంగం విని హఠాత్తుగా మానివేయరాదు. శరీరం తన స్వంత రసాన్ని తయారుచేయుట తగ్గించుకొని ఉంటుంది. ఉన్నట్లుండి ఆపితే ప్రమాదం. డాక్టరు చెప్పిన క్రమంలో మెల్లగా తగ్గించుకొనవలెను. పసిపిల్లల దగ్గులలో కొన్నింటికి వైద్యులు ఒక్క మోతాదు స్టెరాయిడ్ ఇచ్చుట కలదు. అది పరీక్షించి చూచి వారు నిర్ణయించేది. తాతగారి షీటునుండి తీసేది కాదు.

మనుమడికి ఆవేళ మాత్ర పడలేదు. కోడలు షీటు దాచివేసినది; పిల్లవాడు నాలుగు రోజులలో బడికి పోయినాడు. ఏ మందు లేక తగ్గినదా అని మామయ్య అడిగితే, ఒక్క పిల్లవాని సంగతి దేనికీ రుజువు కాదని నేను ఒప్పుకొనవలసి వచ్చినది. ఆయనకు ఆ మాట నచ్చినది. దసరాకు నేను పోయినప్పుడు ఆ షీటు నా చేతిలో పెట్టినారు. దానిమీది గడువు 2023లోనే తీరిపోయినది. బస్సు ఎక్కబోతుండగా అత్తయ్య వెనుకనే వచ్చి, "ఇంకొక షీటు ట్రంకుపెట్టెలో ఉన్నది నాయనా, మీ మామయ్య నీకు చెప్పలేదు" అన్నది.